దుమ్ము లేని పత్తి

ఆదోనిలో వీరన్న మండీకి వచ్చే హమాలీలందరూ పత్తి కుక్కిన గోనె బోరేలు మోస్తారు. యేసేపు ఒక్కడే బోరెంతో పాటు కథను కూడా మోస్తాడు. ట్రాక్టరు దగ్గర మొదలైన కథ రాశి దగ్గరికి వచ్చేసరికి ముగియాలి. ముగియకపోతే బోరెం దించకుండా నిలబడి మరీ ముగిస్తాడు. నడుము విల్లులా వంగినా నోరు మాత్రం నిటారుగానే ఉంటుంది.

ఆ పొద్దున కథ రూతుది.

"మోయాబు దేశం నుంచి వచ్చిండ్య పాపం, మా వదిన మాదిరే మొగుడు సచ్చిపోయినామె. అత్తకింత గంజి పోయాల గదా? బోయజు చేన్లోకి పోయి ఏరుకుంటాంది. ఎండ జూస్తే మన ఆదోని ఎండ. నెత్తిన కుండ పెడితే అన్నం ఉడుకుతాది. అప్పుడు బోయజు పనోళ్లేం జేసినారు? అయ్యో, ఈ యమ్మ ఇట్లా ఏరుకుంటే ఎప్పటికి నిండల్ల అని, పిడికెడు పిడికెడు కావాలనే కింద ఇడిసినారు. ఇడిసి, ఎనక్కి సూడకుండా పోయినారు. అదీ ధర్మమంటే!"

ధర్మం అన్న మాట దగ్గర యేసేపు భుజాన్ని చిన్నగా ఎగరేశాడు. కుట్టు వదులు చేసి పెట్టుకున్న బోరెం మూతిలోంచి తెల్లటి పత్తి ముద్ద ఒకటి జారింది. అది నేలను తాకిందో లేదో చెప్పడం కష్టం. అంతలోనే హుసేనమ్మ పొరక దాన్ని తన సంచిలోకి నెట్టేసింది. యేసేపు వెనక్కి చూడలేదు.

హుసేనమ్మకు యేసేపు మరిది. పీర్ల పండుగకు తల్లి మొక్కుకుంటే పుట్టింది గనక హుసేనమ్మ అయింది. తర్వాత పేటలోని గుడిలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు రూతమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు బాప్తిస్మమిచ్చిన అయ్యగారికీ పరలోకానికీ తప్ప మూడో మనిషికి గుర్తులేదు. అయినా యేసేపు రూతు కథ ఎత్తుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు కొంచెం పొంగేది. బైబిలులో తన పేరుతో ఒక మనిషి, అదీ తనలాగా ఏరుకునే మనిషి ఉండడం చిన్న సంగతా?

కాటా అయి రాశులు ఎత్తేశాక నేలమీద మిగిలిన పత్తి ఊడ్చుకునేవాళ్లది. అది మండీలో కట్టుబాటు. అందుకే రాశుల వరుసల వెంట నలుగురైదుగురు ఆడవాళ్లు పొరకలు పట్టుకుని కాచుకుని ఉంటారు. ఈ ఏడు కాటా కాకముందే సంచి నిండేది మాత్రం హుసేనమ్మ ఒక్కదానికే. పక్క వరుసలో ఊడ్చే హనుమంతమ్మ రోజూ ఆ మాట అనకుండా ఉండదు.

"మీ దేవుడు పైనించి మన్నా కురిపించినాడంట గదా మే. నీకు పత్తి కురిపిస్తాండాడు. మా దేవునికి కొబ్బరికాయలు కొట్టి కొట్టి సేతులు నొప్పులు. ఒక్క గింజ రాల్చడు."

"నోరు మూసుకోని ఊడ్సు," అంది హుసేనమ్మ నవ్వుతూ.

ఆ రోజు రాశి కోసిగి రైతు లక్ష్మప్పది. కొనేవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి, రాశిలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు లాగి, పీచు సాగదీసి చూసి, ఆ గుప్పెడు ఎక్కడ పడితే అక్కడ పారేసి పోతున్నారు. లక్ష్మప్ప వాళ్ల వెనకే తిరుగుతూ పారేసిందాన్ని వంగి వంగి ఏరి మళ్లీ రాశి మీద వేస్తున్నాడు.

"ఏమప్పా, నా పత్తి ఏమన్నా పులిసిన మజ్జిగా? వచ్చినోడల్లా ఏలు పెట్టి సూస్తాండాడు!" అన్నాడు ఉక్రోషంగా. తర్వాత యేసేపు వైపు తిరిగాడు. "ఇంటికాడ తూకేసుకోని తెచ్చినా. ఈడికొచ్చేసరికి ఎప్పుడూ తక్కువే. దావలో ఎలకలేమన్నా తింటాండాయా?"

"ఎలకలు కాదప్పా, గాలి!" అన్నాడు యేసేపు తడుముకోకుండా. "ఆదోని గాలి నీకు తెలీదు. పోయినేడు ఒక నిండు బోరేన్ని లేపుకోని పోయి కొండమీద కోటలో పెట్టింది. కోతులు పరుపులు కుట్టుకోని పండుకున్నాయి. ఇప్పుడు బండమీద పండుకోమంటే ఒక్క కోతికీ నిద్ర పట్టదు!"

మండీ అంతా నవ్వింది. హుసేనమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగానే లక్ష్మప్ప ఆమె కాళ్ల దగ్గరికి వంగాడు. మట్టిలో పడిన చిన్న పత్తి తునకను తీసి, నోటితో ఉఫ్ఫని ఊది, దుమ్ము పోయిందో లేదో చూసుకుని రాశి మీద పెట్టాడు. అతని వేళ్ల చివర్లు పత్తి తొడిమలు గీరుకుని పగిలి ఉన్నాయి. అతను నవ్వలేదు. హుసేనమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. తనకు తెలియకుండానే ఒక కాలితో సంచిని వెనక్కి నెట్టింది.

ఎందుకు నెట్టిందో ఆ పూటంతా ఆలోచించింది. నా సంచిలోది కట్టుబాటు ప్రకారం నాదైతే దాచడమెందుకు అని మనసు అడిగితే, ఊరుకోవే అని మనసును కసిరింది. మనసు ఊరుకోలేదు.

*

వచ్చే ఆదివారం కోత పండుగ. పేట గుడిలో ఎవరికి పండింది వాళ్లు తెచ్చి పీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. ఈసారి వచ్చే డబ్బు గుడి పైకప్పుకు అప్పు మీద తెచ్చిన రేకులకు. హుసేనమ్మకు చేను లేదు, చెట్టు లేదు. అందుకే ఒక సంచి పత్తి ఇస్తానని మొక్కుకుంది. ఊరికే పత్తి కాదు, గింజ తీయించి, ఏకించి, మల్లెపువ్వులాంటి దూది చేయించి ఇవ్వాలని ఆమె ఆశ.

అందుకని మరునాడు సంచి ఎత్తుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. అక్కడ అమానుల్లా పరుపులు కుడతాడు. గింజ తీసే చిన్న మిషనూ, దూది ఏకే మిషనూ రెండూ అతని కొట్లోనే ఉన్నాయి. ప్రతి ఏడూ ఆమె ఊడ్చిన పత్తి అతని దగ్గరికే వెళుతుంది.

బస్సులో కండక్టరు సంచిని చూసి, "దీనికి ప్రాణముందా అవ్వా? సీటు అడుగుతాంది," అన్నాడు. నలభై దాటిన ఆడమనిషిని అవ్వా అన్నందుకు ఆమె దారి పొడుగునా అతని వైపు చూడలేదు.

అమానుల్లా గెడ్డం మీద కూడా దూది, గెడ్డం కూడా దూదే. ఎక్కడ ఏది మొదలవుతుందో చెప్పడం కష్టం. సంచి విప్పి పత్తిని తీగ జల్లెడ మీద పరిచాడు. ఊడ్చిన పత్తిని మిషనులో వేసేముందు జల్లెడ మీద బెత్తంతో కొట్టడం అతని పద్ధతి. కిందపరిచిన గుడ్డ మీద మట్టి, ఆకుముక్కలు, బీడీ తునకలు రాలతాయి. ఒక ఏడు ఎవరిదో చెవిపోగు కూడా రాలింది. అందుకే ముందుగా నోటికి తువాలు కట్టుకున్నాడు. హుసేనమ్మ కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అమానుల్లా కొట్టాడు. బెత్తం చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి తిరగేసి కొట్టాడు. తువాలు విప్పేసి, వంగి, జల్లెడ కింద గుడ్డ చూశాడు. గుడ్డ ఉతికి ఆరేసినట్టే ఉంది.

"ఏమక్కా, ఆదోనిలో నేలను పాలతో కడుగుతాండారా?"

హుసేనమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"శానా మంచి పత్తి," అన్నాడతను పిడికిలిలో నలుపుతూ. "అవునూ, ఈయేడు నీకు దగ్గు లేదే? ప్రతి యేడూ కొట్టు గడప తొక్కకముందే నీ దగ్గు వచ్చి కూర్చునేది. చాయ్ దానికే ముందు తెప్పించేటోణ్ణి."

"దేవుడు తీసేసినాడు భాయ్," అంది ఆమె. ఆ మాట ఎన్నోసార్లు చెప్పిన మాట గనక దానంతటదే వచ్చింది. "గుళ్లో లేసి సాక్ష్యం గూడా సెప్పినా."

అమానుల్లా జల్లెడ వైపు చూశాడు. గుడ్డ వైపు చూశాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"అల్లా ఏమన్నా చేయగలడు," అన్నాడు నెమ్మదిగా. "కానీ దుమ్ము లేనిచోట దగ్గు యాడనుంచి వస్తాది అక్కా?"

అతను వెక్కిరించలేదు. అదే ఆమెకు పెద్ద బాధయింది. వెక్కిరిస్తే కోపం తెచ్చుకుని బయటపడే వీలుండేది. ఇప్పుడు ఆ వీలు కూడా లేదు. గుడిలో అందరి ముందు లేచి, చేతులెత్తి, "నా ఊపిరితిత్తులు నా తండ్రి కడిగినాడు" అని చెప్పిన రోజు గుర్తొచ్చింది. ఎంతమంది స్తోత్రం అన్నారు! ముందు వరుసలో కూర్చున్న యేసేపు అందరికంటే గట్టిగా అన్నాడు.

"నాకేం అక్కా," అన్నాడు అమానుల్లా మిషను స్విచ్చి మీద చెయ్యి వేస్తూ. "ఏకి ఇస్తా. కానీ ఊడ్సింది అని మాత్రం సెప్పొద్దు. నా జల్లెడ నవ్వుతాది."

"ఆపు భాయ్!"

అతను స్విచ్చి మీద నుంచి చెయ్యి తీశాడు. ఆమె పత్తినంతా గబగబా సంచిలో కుక్కుకుంది. సంచి మూతి ముడి వేసింది. అతను చాయ్ తాగి పొమ్మన్నా వినలేదు.

తిరుగు బస్సులో అదే కండక్టరు. "పోయిన సంచే మల్లా వస్తాందే! సంబంధం కుదర్లేదా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆమెకు కిటికీలోంచి విసిరేయాలనిపించింది. కండక్టరునా, సంచినా అన్నది కాసేపు తేలలేదు.

*

యేసేపు ఇల్లూ ఆమె ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. సాయంత్రం యేసేపు కూతురు అంజలి గడప మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. హుసేనమ్మకు చదువు రాదు. వాక్యమంటే ఆమెకు చెవిలో పడిందే, అందులో సగం యేసేపు నోటి నుంచి పడిందే.

"పాపా, బైబిలు తీసి ఆ రూతు కత సదువు."

"నాయన రోజూ సెప్తానే ఉంటాడు గదా పెద్దమ్మా."

"మీ నాయన సెప్పేది కాదు. అండ్ల ఉండేది సదువు."

అంజలి జుట్టు ముడి వేసుకుని చదివింది. రూతు వచ్చింది, ఏరుకుంది, మధ్యాహ్నం పేలాలు తిన్నది. తర్వాత పిడికెళ్లు పడవేయమని పనివాళ్లకు చెప్పిన మాట వచ్చింది.

"ఆగు. ఎవరు సెప్పినారు?"

"బోయజు."

"పనోళ్లు కాదా? వాళ్లంతట వాళ్లు ఇడవలేదా?"

"లేదు పెద్దమ్మా. బోయజే సెప్పినాడు. ఆమె ఏరుకునేటప్పుడు గద్దించగూడదని గూడా సెప్పినాడు."

"చేను ఎవరిది?"

అంజలి విసుగ్గా చూసింది. "ఆయప్పదే గదా. చేను ఆయన్ది గాకపోతే పడెయ్యమని ఎట్లా సెప్తాడు?"

ఇన్నేళ్ల నుంచి ఆ కథ విన్నది. ఆ కథలో చేనుగలాయన్ని మరిది ఎప్పుడు తీసేశాడో, ఆయన్ని తీసేసి పనివాళ్ల చేతికి ధర్మాన్ని ఎప్పుడిచ్చాడో తాను గమనించలేదు. గమనించాలని ఆమెకూ లేదు. సంచి నిండుతుంటే కథలో ఎవరు తగ్గారని ఎవరు చూస్తారు?

యేసేపు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. సంచి తిరిగి వచ్చిందని చూసి, "ఏం వదినా, ఏకలేదా?" అన్నాడు.

"దులిపితే ఇంత దుమ్ము గూడా రాల్లేదు. లక్ష్మప్ప పత్తి నీదా యేసేపూ?"

అతను తువాలు భుజం మీద వేసుకున్నాడు. "సూడు వదినా. కొనేటోళ్లు గుప్పెడు దీస్తే శాంపిలంటారు. ఇంగొకడు దీస్తే మామూలంటారు. నేను విధవరాలి కోసం రాలిస్తే అది దొంగతనమా? దేవుడు లెక్క రాసుకునేటప్పుడు పెద్దోళ్ల గుప్పిట్లు రాసి రాసి ఆయనకే సెయ్యి నొస్తాంటాది. మన గుప్పెడు దాకా వస్తాడా?"

"దేవునికి సెయ్యి నొయ్యదు."

"సరే. దుమ్ము లేదని గదా నీ బాధ? కలుపుకో. ఆదోనిలో దేనికన్నా కరువుంటాది గానీ దుమ్ముకుందా? దావలో ఒక సాటెడు ఎత్తి సంచిలో పోస్తే ఊడ్సిన పత్తే అయితాది. బంగారట్లా దగ్గు గూడా వస్తాది!"

ఆమెకు నవ్వు వచ్చేసింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. చేటెత్తి గోడకేసి కొట్టి లోపలికి వెళ్లిపోయింది. ఈ మనిషితో వచ్చిన చిక్కే అది. కోపం వచ్చేలోగా నవ్వించేస్తాడు. సైతానుకు కొమ్ములుంటాయని బొమ్మల్లో వేస్తారు గానీ, ఉండేది కొమ్ములు కాదు, కథలేమో!

పొద్దున్నే గుడి దగ్గరికి వెళ్లింది. రవికుమార్ పాస్టరు నిచ్చెన మీద నిలబడి రేకులు వేసేవాళ్లకు కొలతలు చూపిస్తున్నాడు.

"వందనాలయ్యా. ఒక మాట."

"వందనాలమ్మా. అక్కడి నుంచే చెప్పు, దిగితే రేకు జారుతుంది."

అంతమంది పనివాళ్ల ముందు ఎలా చెప్పాలి? "ఒకరిది మన దగ్గరికి వచ్చింటే ఏం జెయ్యాలయ్యా?"

"ఎవరిదో తెలుసా?"

"తెలుసు."

"మరి అడగడమెందుకమ్మా? సుంకం వసూళ్లలో జనాన్ని దోచుకున్న జక్కయ్యేం చేశాడు? తిరిగి ఇచ్చేశాడు. నాలుగింతలు ఇచ్చాడు!" అని, "ఆ చివర ఎత్తప్పా, ఎత్తు!" అని రేకు వైపు తిరిగిపోయాడు.

నాలుగింతలు ఎక్కడి నుంచి తేవాలి? ఉన్నది ఒక్క సంచి. నిచ్చెన మీద నుంచి చూస్తే అన్నీ సులువుగానే ఉంటాయి అనుకుంటూ ఆమె ఇంటికొచ్చి పొరక చంకన పెట్టుకుని, సంచి నెత్తికెత్తుకుంది.

*

ఆ రోజు లక్ష్మప్ప ఇంటి దగ్గర మిగిలిన పత్తి తెచ్చాడు. రాశి పోసి, బేరం కుదిరి, కొన్నతను కాటాకు మనుషుల్ని పిలుస్తున్నాడు. హుసేనమ్మ ఇదే సమయం అనుకుంది. దాచుకోవడానికి ఏముంది, తిరిగి ఇచ్చేదానికి చాటు ఎందుకు అని, నేరుగా నడిచి వెళ్లి సంచి మూతి విప్పి రాశి మీద బోర్లించింది.

"ఏయ్! ఏయ్! ఎవరామె? రాశిలో ఏం కలుపుతాంది?"

కొన్నతను అరిచిన అరుపుకు మండీలో కాటాలన్నీ ఆగిపోయాయి. అతను పరుగెత్తుకొచ్చి పైపై పత్తిని ఎత్తి వాసన చూశాడు. "తడిదా? పాతదా? యాడిదిది? కలిపిన రాశి నాకొద్దు. ఆ ధరకైతే అస్సలొద్దు."

లక్ష్మప్ప అతని వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు. "నీకు నేనేం పాపం జేసినా తల్లీ?"

"నీ పత్తే అప్పా. మొన్నటిది. నా సంచిలోకొచ్చింది. తిరిగిస్తాండా."

"నీ సంచిలోకి నడుసుకుంటా వచ్చిందా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మొన్న ఇదే చోట ఇదే సంచితో తాను వెళుతుంటే ఎవరూ పలకరించలేదు. ఇవాళ తెచ్చి ఇస్తుంటే చుట్టూ మనుషుల కోట.

మండీ యజమాని వీరన్న వచ్చాడు. "తీసుకునేటప్పుడు ఎవురికీ కండ్లబడని దానివి, ఇచ్చేటప్పుడెందుకు దొరికినావు మే? ఎవరిచ్చినారు నీకు? పేరు సెప్పు."

యేసేపు పది అడుగుల దూరంలో, వీపు మీద బోరెంతో నిలబడిపోయి ఉన్నాడు. మొయ్యడమూ లేదు, దించడమూ లేదు. అతని నోట కథ లేదు. కథ లేని యేసేపును మండీ మొదటిసారి చూస్తోంది, కానీ ఎవరూ గమనించలేదు. హుసేనమ్మ ఒక్కసారి అటు చూస్తే చాలు, ఆమె కళ్లను పట్టుకుని వీరన్న అతని దగ్గరికి వెళ్లిపోతాడు. రేపటి నుంచి అంజలి ఇంట్లో పొయ్యి వెలగదు.

అబద్ధమాడకూడదు. పేరు చెప్పడానికి నోరు రావడం లేదు. మరిదికి తెలిసిన వంద కథల్లో ఈ ఇరుకులోంచి బయటపడ్డ మనిషి కథ ఒక్కటైనా ఉండకూడదా!

"నా సంచిలోని దానికి తప్పు నాదే," అంది ఆమె. పొరకను రెండు చేతులతో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. "ఎవరినీ అడగొద్దన్నా."

"హుసేనమ్మ ఈ పొద్దు నుంచి వరసల్లోకి రాగూడదు," అన్నాడు వీరన్న. "ఊడ్సుకుంటే గేటుకాడ ఊడ్సుకో. యేసేపూ! పైన కలిసిందంతా తీసి గేటుకాడ పారెయ్యి."

యేసేపు బోరెం దించి వచ్చాడు. రాశి పైపొరను రెండు చేతులతో తోడి తట్టలోకి ఎత్తి, గేటు దగ్గర బండ్లు తిరిగే గాడిలో పోశాడు. వదిన పక్కనుంచే రెండుసార్లు నడిచాడు. రెండుసార్లూ ఆమె మొహం చూడలేదు. రెండో తట్ట పోయకముందే ఒక ట్రాక్టరు మొదటి తట్ట మీదుగా వెళ్లిపోయింది.

లక్ష్మప్ప పత్తిని తగ్గించిన ధరకే తూకం వేశారు. అతను వాదించాడు, బతిమాలాడు, చివరికి కాటా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇదంతా హుసేనమ్మ గేటు దగ్గర నిలబడి చూసింది. జక్కయ్య ఇచ్చేస్తే ఇంటికంతా రక్షణ వచ్చిందట. తాను ఇచ్చేస్తే పుచ్చుకున్నోడికే నష్టం వచ్చింది. ఎక్కడ తప్పింది? జక్కయ్య ఊరిలో మండీలు లేవా? లేక అతను నడిచేటప్పుడు పక్కన యేసు ఉన్నాడు గనకనా?

పొద్దు వాలుతుండగా లక్ష్మప్ప ఖాళీ ట్రాక్టరు గేటు దగ్గర ఆగింది. అతను దిగి, గాడిలోంచి పత్తి తునక ఒకటి తీశాడు. అలవాటు కొద్దీ ఉఫ్ఫని ఊదాడు. ఈసారి దుమ్ము పోలేదు.

"నా చేన్దే," అన్నాడు. "ఎవరు దీసినారో నేనడగను. నువ్వు తీసినప్పుడు ఒక నష్టం. తెచ్చిచ్చినప్పుడు ఇంగొక నష్టం. మంచితనం జెయ్యాలంటే ముందు నా సెవిలో ఒక మాట ఎయ్యాల గదమ్మా? రాశి మీద కుమ్మరిస్తే ఎట్లా?"

ఆమెకు అప్పుడు తట్టింది. కానుకిచ్చినట్టు అందరి ముందూ పోసింది గానీ, చేను గలాయన్ని తానూ అడగలేదు. కథలోంచి ఆయన్ని మరిది ఒకసారి తీసేస్తే, తాను రెండోసారి తీసేసింది.

"తప్పయింది అప్పా."

"ఆఁ," అన్నాడు అతను. కోపం పోలేదు, పోయినట్టు నటించనూ లేదు. ట్రాక్టరెక్కి, ఇంజను చప్పుడు మీద అరిచాడు. "ఈడ పడిందాన్ని ఎత్తుకో. నాకు పనికిరాదు. నేనిస్తాండా, ఎత్తుకో!"

బోయజు ఇలా గద్దిస్తూ ఇచ్చి ఉండడు. అయినా ఇచ్చినాయన చేనుగలాయనే. హుసేనమ్మ కొంగు నడుముకు దోపుకుని గాడిలో ఊడ్చడం మొదలుపెట్టింది. ఒక్కో బండి వచ్చినప్పుడల్లా దుమ్ము లేచి ఆమెను కప్పింది. చీకటి పడకముందే గొంతులో పాత గరగర మొదలైంది. ఇంటికి చేరేలోగా దగ్గు పట్టుకుంది.

*

పేటలో ఆ దగ్గును అందరూ విన్నారు. సాక్ష్యం చెప్పి నాలుగు వారాలు కాలేదు, దేవుడిచ్చిన స్వస్థత వెనక్కి తీసుకున్నాడని, ఏదో పాపం చేసి ఉంటుందని గోడల మీదుగా మాటలు నడిచాయి. వాళ్లకు జవాబు చెప్పాలంటే దగ్గు ఆగాలి గదా. ఆగలేదు.

గేటు దగ్గరికి వచ్చి కబురు చెప్పింది హనుమంతమ్మే. "మీ మరిదికి ఏమన్నా గాలి సోకిందా మే? రెండు దినాల్నించి ఒక్క కతా లేదు. గమ్మున మోస్తాండాడు. బోరెం మూతులు సుతిలి తాడు తీసుకోని తానే బిగిచ్చి కడతాండాడు. పాపం మన ఊడ్పుకు ఏం రాలదు ఇంగ!"

హుసేనమ్మ దగ్గుతూనే ఊడ్చింది. యేసేపు పొద్దున చాయ్ తాగడానికి ఆమె ఇంటికి రావడం మానేశాడు. గోడ ఇవతల నుంచి అతని గిన్నె చప్పుడు వినిపించేది. ఆమె పిలవలేదు. పిలవాలనిపించినప్పుడల్లా కోపం వచ్చేది, కోపం వచ్చినప్పుడల్లా దగ్గు వచ్చేది.

ఆదివారం గుడి నిండింది. కొత్త రేకుల కింద పీఠం ముందు జొన్న కంకులు, వేరుశనక్కాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు, మిరపకాయల దండ. చివరన హుసేనమ్మ మూట. మల్లెపువ్వు దూది కాదు. గేటు గాడిలో ఊడ్చిన పత్తి, పాత చీర ముక్కలో కట్టింది. దులపగలిగినంత దులిపింది. దులపలేనిది అందులోనే ఉంది.

ఆరాధన అయ్యాక వేలం. ప్రతి ఏడూ వేలం పాడించేది యేసేపే. అతని పాట వినడానికి హనుమంతమ్మ లాంటి వాళ్లు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడతారు. పోయినేడు ఒక గుమ్మడికాయను ఎత్తి, యోనాను మింగిన చేప దీన్ని చూసి సిగ్గుపడిందని చెప్పి రెండింతలకు పాడించాడు. ఒక కోడిని, యేసును ఎరగనన్న పేతురును కూసి ఏడిపించిన కోడి వంశంలోదని నమ్మించాడు. అది పెట్ట అని కొన్నవాళ్లకు ఇంటికెళ్లాక గానీ గుర్తురాలేదు.

ఈ ఏడు కోళ్లు కోళ్ల లాగే, గుమ్మడికాయలు గుమ్మడికాయల లాగే అమ్ముడుపోయాయి. జనం గుసగుసలాడుకున్నారు. చివరికి మూట మిగిలింది.

"ఇప్పుడు సూడు మే, సొలొమోను రాజు పరుపులో పత్తి అంటాడు," అంది హనుమంతమ్మ కిటికీలోంచి.

యేసేపు ముడి విప్పాడు. రెండు చేతులా ఎత్తాడు. కొత్త రేకుల సందులోంచి పడుతున్న ఎండలో దుమ్ము లేచి నిలబడింది. ముందు వరుస తుమ్మింది. రెండో వరుస తుమ్మింది. దీవెన చెప్పడానికి లేచిన రవికుమార్ పాస్టరు చెయ్యెత్తి, నోరు తెరిచి, తుమ్మి కూర్చున్నాడు. పిల్లలు కిలకిలా నవ్వారు.

యేసేపు నవ్వలేదు. పత్తిని దించలేదు.

"ఇది ఊడ్సిన పత్తి," అన్నాడు. ఎప్పటి గొంతు కాదది. "గేటుకాడిది. మట్టి ఉంది, ఆకుంది. ట్రాక్టరు ఎక్కి దిగింది. దులిపినా సగం పోదు." ఇంకేదో చెప్పబోయి ఆగాడు. జనం ఎదురుచూశారు. తర్వాత వచ్చే కోతి కోసమో, చేప కోసమో ఎదురుచూశారు. ఏదీ రాలేదు. "చేను గలాయన ఇచ్చింది. మా వదిన ఊడ్సింది. ఇంతే."

ఎవరూ పాడలేదు. అంత నిజం చెప్పిన సరుకును ఎవరు పాడతారు?

ఆరాధన అంతసేపూ కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకున్న దగ్గు హుసేనమ్మకు అప్పుడు తెగింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా, పక్కనామె వీపు నిమిరేదాకా దగ్గింది. ప్రార్థన ముగిసేదాకా ఆగే మనిషిలా, యేసేపు ఆ దగ్గు ముగిసేదాకా పత్తి ఎత్తుకుని అలాగే నిలబడ్డాడు.

"మొదటి పాట నాదే," అన్నాడు ఆమె వైపు చూసి.

తర్వాత, వేలం పాడించేదీ తానే గనక, పత్తిని దించకుండానే 'ఒకటోసారి' అన్నాడు.